రంగు వేసి పాడైన జుట్టు: ఎంత కత్తిరించాలి, ఎలా కత్తిరించాలి?

ప్రశ్న: నా వయసు 31. మాది బొబ్బిలి. ఎనిమిది నెలల క్రితం పార్లర్‌లో బ్లీచ్ చేయించి గోధుమ రంగు వేయించుకున్నాను. నడుము దాకా ఉన్న జుట్టు కింద సగం పీచులా అయిపోయింది, దువ్వితే ముక్కలు ముక్కలుగా రాలుతోంది. పార్లర్ వాళ్లు రేజర్‌తో లేయర్లు కొట్టించుకుని జుట్టును నున్నగా చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకోమంటున్నారు. మా అత్తగారేమో తిరుపతి మొక్కు ఎలాగూ ఉంది కదా, గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందంటున్నారు. మాఘంలో మా తమ్ముడి పెళ్లి. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: గుండు మాట ముందు తేల్చేద్దాం. మొక్కు ఉంటే తీర్చుకోండి, అది మీకూ స్వామికీ మధ్య విషయం. జుట్టు ఒత్తు కోసమైతే మాత్రం అక్కర్లేదు. వెంట్రుక మందం చర్మం కింద, కుదురులోనే నిర్ణయమైపోతుంది. మంగలి కత్తి దాని జోలికి పోదు. గుండు తర్వాత వచ్చే వెంట్రుక కొస మొద్దుగా ఉండి చేతికి గరుగ్గా తగులుతుంది, దాన్నే ఒత్తు అనుకుంటాం.

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఒకదానిమీద ఒకటి పరుచుకున్న పొలుసులతో ఉంటుంది. బ్లీచ్ వాటిని పైకి లేపి లోపలి నల్లరంగును పోగొడుతుంది. ఆ క్రమంలోనే వెంట్రుకకు బలాన్నిచ్చే బంధాలు కొన్ని తెగుతాయి, పైనుండే సహజమైన జిడ్డు పూత పోతుంది. బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు కాబట్టి పుండు మానినట్టు ఇది మానదు. చిట్లిన కొసను సీరమ్‌లు కాసేపు అంటించి నున్నగా చూపిస్తాయి, తలంటుకుంటే మళ్లీ మామూలే. వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. కత్తెర వేయక తప్పదు.

అయితే మీ పార్లర్ వాళ్లు చెప్పిన రేజర్ కట్ మీకు పనికిరాదు. రేజర్ వెంట్రుకను ఏటవాలుగా చెక్కేస్తుంది. ఆరోగ్యమైన జుట్టయితే తట్టుకుంటుంది, బ్లీచ్ చేసినదైతే ఆ పల్చటి కొస దగ్గరే మళ్లీ చిట్లుతుంది. పళ్లున్న థిన్నింగ్ కత్తెర కూడా వద్దు. లేయర్లు, స్టెప్ కట్ వేస్తే పొట్టి కొసలు తలంతా పరుచుకుని జుట్టు మరింత చిందరవందరగా కనిపిస్తుంది. పైగా పెళ్లిలో సవరం పెట్టి జడ వేసేటప్పుడు అవన్నీ పాయల్లోంచి బయటికి పొడుచుకొస్తాయి. స్ట్రెయిట్ కట్ అడగండి, మరీ బల్లపరుపుగా వద్దనుకుంటే లోతు తక్కువ యూ కట్. కింద అంచు నిండుగా కనిపిస్తుంది.

ముందురోజు తలంటుకుని, నూనె పెట్టకుండా, పొడి జుట్టుతో వెళ్లండి. పార్లర్లలో సాధారణంగా నీళ్లు కొట్టి, దువ్వెనతో లాగి పట్టుకుని కత్తిరిస్తారు. పాడైన వెంట్రుక తడిస్తే రబ్బరులా సాగుతుంది. సాగినప్పుడు రెండంగుళాలు కోస్తే ఆరాక ఇంకా పొట్టిగా తేలుతుంది. చిట్లిన కొసలు కూడా తడిలో కనబడవు. పొడి జుట్టును సన్నపాయ తీసి పురి పెడితే అవి పక్కలకు పొడుచుకుని నిలబడతాయి. చీలిక ఎక్కడ ఆగిందో చూసి దానికి అర సెంటీమీటరు పైన కోయమనండి. కత్తెర మాత్రం జుట్టుకే వాడే పదునైనది కావాలి. ఇంట్లో బట్టలు, కవర్లు కోసే కత్తెరతో కోస్తే కొస నలిగిపోతుంది.

ఎంత కోయాలి? జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే ఎనిమిది నెలల్లో మాడు దగ్గర మూడంగుళాల దాకా కొత్త జుట్టు వచ్చి ఉంటుంది, కిందిదంతా బ్లీచ్ తగిలినదే. అంతా ఒకేసారి తీసేయమని నేను చెప్పను. ఇప్పుడు బాగా పీచైన రెండు మూడంగుళాలు తీయించి, ఆపైన మూడు నెలలకోసారి అంగుళం చొప్పున తీయించండి. పెరిగినదీ కోసినదీ దాదాపు సరిపోతాయి, పొడవు తగ్గకుండానే పాత జుట్టు దిగిపోతుంది.

కెరాటిన్ సంగతి. అది పైపూతే, రిపేరు కాదు. కొన్నింటిలో వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది, కళ్లు మండుతాయి. గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉన్న స్ట్రెయిటెనింగ్ క్రీములు వాడాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఉద్దానం కిడ్నీ జబ్బును రోజూ చూస్తున్న మన ప్రాంతంలో, ఇంట్లో ఎవరికైనా ఆ సమస్య ఉంటే దీని జోలికి పోకపోవడమే నయం. ఆ డబ్బుతో మంచి కండిషనర్ కొనుక్కోండి. తలంటుకు ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుకలోని ప్రొటీన్ నష్టం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పెళ్లిలోపు మళ్లీ బ్లీచ్ వద్దు. తడి జుట్టు మీద స్ట్రెయిటెనర్ అసలే వద్దు.

చివరగా ఒక పరీక్ష. రాలిన వెంట్రుకల్ని తెల్లకాగితం మీద వేసి చూడండి. పొట్టి ముక్కలుగా, బొడిపె లేకుండా ఉంటే అది విరగడం, పైన చెప్పింది చాలు. పొడవుగా ఉండి ఒక కొసకు తెల్లటి చిన్న బొడిపె ఉంటే కుదురు నుంచి ఊడుతున్నట్టు. అవి రోజుకు వంద దాకా రాలడం మామూలే. అంతకు మించుతున్నా, మాడు దురదగా, పుండుగా ఉన్నా కత్తెరతో తేలదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని చర్మ వైద్యులకు చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఆ వెంట్రుకల్ని అదే కాగితంలో మడిచి పట్టుకెళ్లండి.