అర్థం కాని బొమ్మ, వదల్లేని బొమ్మ

ప్రశ్న: మూడేళ్ల క్రితం ఒక కొత్త చిత్రకారిణి వేసిన పెయింటింగ్ కొన్నాను. అందులో ఏముందంటే చెప్పలేను కానీ, గోడ మీద అది లేకపోతే ఇల్లు బోసిపోతుంది. ఇప్పుడు మంచి రేటు వస్తోంది, అమ్మేయమని ఇంట్లో ఒకటే పోరు. నాదేమైనా పిచ్చా?

జవాబు: అస్సలు కాదండీ. న్యూయార్క్‌లో హెర్బర్ట్, డొరొతీ వోగెల్ అనే దంపతులు ఉండేవారు, ఆయన పోస్టల్ గుమాస్తా, ఆవిడ లైబ్రేరియన్. ఆవిడ జీతంతో ఇల్లు గడుపుకుంటూ, ఆయన జీతం పెట్టి, అప్పటికి పెద్దగా పేరు రాని ఆర్టిస్టులతో స్నేహం చేసి వాళ్ల దగ్గరే కొనేవారు. ఉండేది ఒక్క పడగ్గది ఉన్న ఫ్లాట్, అందులోనే వేల కళాకృతులు! లాభానికి అమ్ముకోలేదు, 1992లో వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి అప్పగించడం మొదలుపెట్టారు.

పాత కళాఖండం గురించి ఎవరో ఒకరు ముందే చెప్పేసి ఉంటారు, ఈ కాలపు బొమ్మకి ఆ వివరణలు తక్కువ, అందుకే దాని ముందు నిలబడితే మన జ్ఞాపకాలూ దిగుళ్లే పైకి వస్తాయి, ఆ బంధం మాటల్లో పెట్టలేకపోవడం సహజం. డబ్బు నిజంగా అవసరమైతే అమ్మండి, తప్పేం లేదు. రేటు పెరిగిందని మాత్రం వద్దు. వీలైతే ఆ చిత్రకారిణికి ఒక ఉత్తరం రాయండి, మీ గోడ మీద అది ఎలా ఉందో ఆమెకి తెలియాలి కదా.