అమ్మ కంటి మందు, మీ కానుక

ప్రశ్న: గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తున్నాను. వయసు 41. పూర్తికాల పరిచర్యకు, అంటే ఉద్యోగం మాని దేవుని పనికి, రమ్మని ప్రభువు పిలుస్తున్నాడని మూడేళ్ళుగా నా మనసుకు తెలుస్తోంది. రాజీనామా రాసి పెట్టుకున్నాను, తేదీ వేయలేదు. నా భార్య ఒప్పుకోవడం లేదు. మా అమ్మకు నీటికాసుల జబ్బు (గ్లాకోమా), తెనాలిలో అన్నయ్య దగ్గర ఉంటోంది. కంటి చుక్కలు అయిపోయాయని ఫోన్ చేస్తే, చర్చికి ఇచ్చే దశమ భాగమూ (జీతంలో పదో వంతు) ప్రత్యేక కానుకా పోగా ఏమీ మిగలలేదనీ, ప్రార్థన చేసుకోమనీ చెప్పాను. నాకు చెప్పకుండా నా భార్య ఆమెకు 800 రూపాయలు పంపింది. భర్తకే లోబడని స్త్రీని ఇంట్లో పెట్టుకుని నేను దేవుని పిలుపుకు ఎలా లోబడాలి?

జవాబు: ఉద్యోగం మానకండి. మీరు అడిగినదానికి నా జవాబు ఇంతే. మీ ఉత్తరంలో నన్ను కలతపెట్టింది పరిచర్య సంగతి కాదు, నాలుగు ముక్కల్లో చెప్పి దాటేసిన మీ అమ్మగారి సంగతి.

నీటికాసుల జబ్బులో చాలామందికి నొప్పి తెలియదు. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటూ, చూపు పక్కల నుంచి కొద్దికొద్దిగా తరిగిపోతుంది, అలా పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. అందుకే డాక్టరు ఆపమనే వరకూ చుక్కలు ఒక్కరోజు కూడా మానకూడదు. పెద్ద కొడుకు ఇంట్లో తింటూ మందుకు కూడా అతణ్ణే అడగడానికి మొహం చెల్లక, సీసాను ఎంత నొక్కినా చుక్క రాలని రోజున చిన్న కొడుకుకు ఫోన్ చేసిన ఆ తల్లికి, ఆ ఒక్క మాట గొంతు దాటడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుందో ఆలోచించారా? అలాంటి మనిషికి ప్రార్థన చేసుకోమని చెప్పారు. ఆమె చేయకుండా ఉందనుకున్నారా?

మార్కు సువార్త 7వ అధ్యాయం మళ్ళీ చదవండి. తల్లిదండ్రులకు అక్కరకు రావలసిన దానిని 'కొర్బాను', అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తప్పుకోనిచ్చే ఆచారాన్ని యేసు నిలదీశాడు. ఆయన నిలదీసింది దేవుణ్ణి ఎరుగనివారిని కాదు, ధర్మశాస్త్రం కంఠతా వచ్చిన పరిసయ్యులను, శాస్త్రులను. సిలువ మీద వేలాడుతూ కూడా ఆయన తల్లిని శిష్యుడికి అప్పగించాడు. నేనూ దశమ భాగం ఇచ్చే మనిషినే, మిమ్మల్ని మానమనను. కానీ అమ్మ మందు డబ్బు కానుకల కవరులోకి వెళ్ళిన నెలలో మీరు దేవునికి ఇచ్చారని నేను ఒప్పుకోలేను.

మీ భార్య మీద మీరు చేసిన ఫిర్యాదు నాకు బాధ కలిగించింది. భార్యలు లోబడాలన్న మాటకు సరిగ్గా ముందున్న వచనం, ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో 21వది, ఒకరికొకరు లోబడి ఉండమంటుంది. తల్లిని సన్మానించమన్న ఆజ్ఞ కొడుకుగా మీకు ఉంది, నెరవేర్చింది మాత్రం కోడలు. ఆ 800 పంపిన రోజు మీ ఇంట్లో దేవునికి లోబడినది ఆమె. మీకు చెప్పకుండా పంపవలసి వచ్చిందంటే, చెబితే ఆపుతారన్న భయం ఆమెకు ఉండబట్టే.

మనకు ఇష్టమైన పనే దేవుడు చెప్పాడనుకున్నప్పుడు తల వంచడం సులువు. 1883లో అమెరికా నుంచి మన గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను మిషను మొదట పంపింది వైద్యానికి కాదు, స్త్రీలకు బోధించే పనికి. అయినా తన దగ్గరకు వచ్చిన జబ్బు మనిషిని ఆమె పొమ్మనలేదు. 1898 నాటికి ఇక్కడ స్త్రీల కోసం ఒక ఆసుపత్రి లేచింది. మిర్చి యార్డు నుంచి వచ్చిన టిక్కీలను, అంటే మిరపకాయల బస్తాలను, ఏ రైతుకూ ఒక్కటి తగ్గకుండా రాయడం కూడా ప్రభువు ముందు చేసే పనే, దాన్ని తక్కువ చేసుకోకండి.

రాజీనామా కాగితం చించేయండి. మీ వదినగారికి ఫోన్ చేసి డాక్టరు చీటీలో ఉన్న చుక్కల పేరు అడిగి రాసుకుని, రెండు సీసాలు కొని, ఈ శనివారం మీ భార్యను వెంటబెట్టుకుని తెనాలి వెళ్ళండి. అన్నయ్యతో కూర్చుని నెలనెలా మీ వంతు ఎంతో తేల్చుకోండి, జీతం అందగానే ముందు అది పంపండి. కంటి ఒత్తిడి మళ్ళీ ఎప్పుడు చూపించాలో అడిగి, ఆ రోజు సెలవు పెట్టి అమ్మను మీరే తీసుకువెళ్ళండి. ఫోన్‌లో అన్న మాటకు అమ్మను క్షమాపణ అడిగేటప్పుడు మీ భార్య పక్కనే ఉండాలి, ఆ క్షమాపణ మీ భార్యకూ చెప్పవలసినదే.