రబ్బరు బోటుకు వేసిన ప్యాచ్ ఎందుకు ఊడిపోతుంది?

మీ బోటుకు పంచర్ షాపులో సైకిల్ ట్యూబ్ సొల్యూషన్‌తో ప్యాచ్ వేయించారు, కొన్నాళ్లకే అంచులు లేచాయి, ఇప్పుడు ఏ గ్లూ వాడాలని అడిగారు. మాది కోనసీమ. వరదలప్పుడు లంక ఊళ్లకు తిరిగే రబ్బరు బోట్ల మరమ్మతు నేను చాన్నాళ్లుగా చూస్తున్నాను.

ముందు మీ బోటు గుడ్డ పీవీసీనా (ఒక రకం ప్లాస్టిక్), హైపలానా (ఒక రకం కృత్రిమ రబ్బరు) అన్నది తేల్చుకోండి. పీవీసీ కాస్త నున్నగా, మెరుస్తూ ఉంటుంది. హైపలాన్‌లో మెరుపు తక్కువ, లోపలి వైపు తరచుగా వేరే రంగులో ఉంటుంది. అనుమానంగా ఉంటే కనిపించని చోట ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) అనే సాల్వెంట్‌ను గుడ్డతో కొంచెం రుద్దండి. పీవీసీ అయితే జిగటగా మారుతుంది. పీవీసీకి రెండు భాగాల పాలీయురేథేన్ గ్లూ, హైపలాన్‌కు రెండు భాగాల నియోప్రీన్ గ్లూ వాడాలి. పీవీసీని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి ఊరి, సైకిల్ సొల్యూషన్ లాంటి రబ్బరు గ్లూని కరిగించేస్తుంది. మీ ప్యాచ్ లేవడానికి ఎక్కువగా అదే కారణం అయి ఉంటుంది. ఫెవిక్విక్ లాంటివి అసలే వద్దు. అవి గాజులా గట్టిపడి, గుడ్డ మడత పడగానే పగిలిపోతాయి.

గ్లూ సరైనదే అయినా మన కోస్తాలో అసలు శత్రువు గాలిలోని తేమ. సాల్వెంట్ ఆవిరవుతుంటే గుడ్డ చల్లబడుతుంది, దాని మీద కంటికి కనిపించని చెమ్మ పడుతుంది. గ్లూ గట్టిపడేందుకు కలిపే రెండో భాగం, హార్డెనర్ కూడా ఆ చెమ్మతోనే కలిసి పాడవుతుంది. అందుకే వాన ముసురులో ఈ పని పెట్టుకోకండి. సంక్రాంతి దాటాక, ఎండ బాగా ఎక్కిన వేళ, నీడలో చేసుకోవడం మేలు. తేమ 60 శాతం లోపు ఉంటే మంచిది.

ప్యాచ్ చిరుగు కంటే అన్ని వైపులా 5 సెంటీమీటర్లు పెద్దదిగా, మూలలు గుండ్రంగా కత్తిరించండి. పాత గ్లూ అంతా తీసేయాలి. హైపలాన్‌ను గరుకు కాగితంతో రుద్దాలి, పీవీసీకి సాల్వెంట్‌తో తుడిస్తే చాలు. రెండు వైపులా పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూయండి. రెండో పూత మీద వేలి కణుపు ఆనించి చూడండి. అంటీ అంటనట్టు ఉండాలి, తీగ సాగకూడదు. అదే సరైన సమయం. మధ్య నుంచి అంచులకు రోలర్‌తో బలంగా నొక్కండి, బుడగ మిగలకూడదు. కనీసం ఒక రోజు గాలి కొట్టకండి, పూర్తి ప్రెషర్‌కు వారం ఆగడం మంచిది. పని చేసేటప్పుడు తలుపులు తెరిచి ఉంచండి, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం.

తర్వాత సబ్బు నీళ్లు రాసి బుడగలు చూసుకోండి. పొద్దున గట్టిగా గాలి కొట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేయకండి, వేడికి ప్రెషర్ పెరిగి సీమ్‌లు (అతుకులు) లాగుతాయి. ఉప్పునీళ్లలో తిప్పితే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మడవండి. మెరుపు కోసం సిలికాన్ స్ప్రే కొట్టొద్దు, ఆ తర్వాత అక్కడ ఏ గ్లూ పట్టదు. మూత తీసిన హార్డెనర్‌ను వచ్చే ఏటికి దాచుకోకండి, గాలి తగిలితే చెడిపోతుంది. ఎప్పటికప్పుడు చిన్న డబ్బా కొనుక్కోండి.