ప్రాంగణాన్ని చీల్చిన రహదారి కింద దారి: కట్టడం ఒక ఎత్తు, వాడేలా చేయడం ఒక ఎత్తు

రహదారికి ఒక పక్క హాస్టళ్లు, మరో పక్క తరగతి గదులు ఉన్న విశ్వవిద్యాలయానికి అండర్‌పాస్ మేలా, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మేలా అని మహబూబ్‌నగర్ నుంచి మీరు అడిగారు. ఏది కట్టినా పిల్లలు డివైడర్ దూకడం మానతారా అన్న సందేహాన్నీ వెలిబుచ్చారు. నల్లగొండ జిల్లాలో హైదరాబాద్–విజయవాడ రహదారిని నాలుగు వరుసలకు విస్తరించినప్పుడు సైట్ పర్యవేక్షణ పనిలో ఉన్నవాణ్ని. మా అబ్బాయి అహ్మదాబాద్ ఐఐఎంలో చదివిన కాలంలో అక్కడి అండర్‌పాస్‌లో నడిచాను కూడా. నా మొగ్గు అండర్‌పాస్ వైపే.

అసలు కారణం ఎత్తు. జాతీయ రహదారిపై వాహనాలకు 5.5 మీటర్ల ఖాళీ వదలాలి కాబట్టి, వంతెన దాటే మనిషి దూలాల మందంతో కలిపి 6 మీటర్లకు పైగా ఎక్కి, అంతా మళ్లీ దిగాలి. అండర్‌పాస్ నడకదారికి మాత్రమే అయితే లోపల 2.75 మీటర్ల ఎత్తు చాలు. పైనున్న స్లాబు, రోడ్డు పొరలు కలుపుకున్నా దిగవలసింది సుమారు మూడున్నర మీటర్లు. చక్రాల కుర్చీకి తగిన 1:12 వాలు (ఒక మీటరు ఎత్తుకు 12 మీటర్ల పొడవు) లెక్కన వంతెనకు ఒక్కో వైపు కనీసం 72 మీటర్ల ర్యాంపు కావాలి, అండర్‌పాస్‌కు 42 మీటర్లు సరిపోతుంది. తొలి గంట క్లాసుకు ఆలస్యమైన విద్యార్థి డివైడర్ దూకుతాడా లేదా అన్నది చాలావరకు ఈ తేడాలోనే తేలిపోతుంది.

అహ్మదాబాద్ ఐఐఎం 1961లో ఏర్పడింది. అమెరికన్ వాస్తుశిల్పి లూయీ కాన్ రూపొందించిన పాత ప్రాంగణం ఒక వైపు, కొత్త ప్రాంగణం 132 అడుగుల రింగ్ రోడ్డుకు అవతలి వైపు ఉంటాయి. రెండింటినీ కలిపే అండర్‌పాస్‌లో సంస్థ చరిత్ర చెప్పే ప్రదర్శనను ఏర్పాటు చేశారు. చూసేవారు కాసేపు ఆగుతారు, మనుషులు మసలే చోట రాత్రిపూట ఆడపిల్లలకు భయం తగ్గుతుంది. మన దగ్గర ప్రదర్శన లేకపోయినా ఒక చివర నుంచి మరో చివర కనిపించేలా దారి తిన్నగా, వెడల్పుగా ఉండాలి. మలుపు తిరిగిన సొరంగంలో ఎన్ని దీపాలు పెట్టినా ధైర్యం రాదు.

మన ప్రాంతంలో పెద్ద చిక్కు నీళ్లది. చాలాచోట్ల పైన ఎర్రమట్టి, కొంచెం లోతుకే బండ. తవ్వడానికి ఖర్చు, పైగా వాన నీరు ఇంకదు. గట్టి వాన పడితే రైల్వే లైన్ల కింది దారులు మూసుకుపోయి ఊళ్లు చుట్టు తిరగడం మీరూ చూసే ఉంటారు. అందుకే రోడ్డు విస్తరణ ఇంకా జరగకపోతే, నేలను తవ్వడానికి బదులు ఆ ముక్కలో రోడ్డునే కట్ట మీదకు ఎత్తమని ఇప్పుడే అడగండి. నడిచేవారు నేల మట్టంలోనే దాటుతారు, నీరు నిలవదు, ర్యాంపు గొడవే ఉండదు. భూమి, డబ్బు ఎక్కువ పడతాయన్నది నిజమే. అది కుదరక తవ్వవలసి వస్తే సంపు, రెండు మోటార్లు, కరెంటు పోయినప్పుడు వాటిని నడిపే జనరేటర్ అంచనాలోనే చేరాలి. వాన నీరు లోపలికి జారకుండా ర్యాంపు మొదట్లో చిన్న మిట్ట, అడ్డంగా కాలువ ఉండాలి. ట్రాఫిక్ ఆపకుండా కాంక్రీటు పెట్టెను పక్క నుంచి నెట్టే బాక్స్ పుషింగ్ పద్ధతి మట్టి నేలకే అనువైనది. బండ తగిలే చోట వాహనాలను ఒక పక్కకు మళ్లించి సగం సగంగా కట్టడమే నయం.

డివైడర్ మీద కంచె తప్పదు, అయితే అండర్‌పాస్ తెరిచిన రోజునే అది పడాలి. ముందే వేస్తే దాన్ని వంచి దారి చేసుకుంటారు.

చివరగా, నిర్వహణ రహదారి సంస్థదా, విశ్వవిద్యాలయానిదా అన్నది పని మొదలుకాకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. ఊడ్చే మనిషి జీతం, మాడిన దీపాలు, మోటార్ల కరెంటు బిల్లు ఎవరి పద్దులోకి వస్తాయో అందులో విడివిడిగా రాయించుకోండి.