పాపని కాలేజీకి పంపాలా, ఇంట్లోనే ఆన్‌లైన్ కోర్సా?

ప్రశ్న: మా పాపకి చూపు బాగా తక్కువ, అద్దాలు పెట్టినా సరిపోదు. పది పాసయింది. దగ్గర్లో ఉన్న ఇంటర్ కాలేజీవాళ్లు "ఇలాంటి పిల్లల్ని చూసుకునే స్టాఫ్ మాకు లేరు" అన్నారు. ఇంట్లోనే ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ నేర్పిస్తే వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగం వస్తుందని బంధువులు చెబుతున్నారు. వైకల్య సర్టిఫికెట్ ఉంటే రేపు సంబంధాలకి ఇబ్బంది అని, అది ఇచ్చే సదరం క్యాంపుకి ఇంకా తీసుకెళ్లలేదు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, మీరు కోర్సు గురించి రాశారు గానీ, క్లాసులో పాపని ఎవరేమంటారో అన్నదే మీ బెంగ. ఇలా అడిగే తల్లులు నా దగ్గరికి నెలనెలా వస్తుంటారు.

ముందు ఆ కాలేజీ సంగతి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థ వైకల్యం పేరు చెప్పి సీటు కాదనకూడదు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో ఉన్నదే ఇది. స్టాఫ్ లేకపోతే ఏర్పాటు చేసుకోవాల్సింది వాళ్లు. మీరు నోటితో అడిగారు, వాళ్లూ నోటితోనే పంపించేశారు. ఈసారి అర్జీ రాసివ్వండి, కుదరదంటే అదీ రాసిమ్మనండి. ఆ కాగితం రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి పంపుతామంటే చాలాచోట్ల మాటతీరు మారిపోవడం నేను చూశాను.

ఇక డేటా సైన్స్. ఇంటర్ లెక్కలు కూడా చదవని పిల్లకి, స్టాటిస్టిక్స్ పునాది లేకుండా, ఆరు నెలల సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. పైగా ఆ వీడియోల్లో గ్రాఫు చూపించి "ఇదిగో ఇక్కడ చూడండి" అని వెళ్లిపోతారు, స్క్రీన్ మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ ఆ గ్రాఫుని చదవలేదు, పక్కన అడగడానికి మనిషీ ఉండరు. కంప్యూటర్ వద్దనను. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టించండి.

కోపం వచ్చినా సరే, ఒక మాట. సదరం వాయిదా వేసి పాపకి నష్టం చేసింది మీరే. పదో తరగతి పరీక్షలోనే అదనపు సమయం, అవసరమైతే స్క్రైబ్, అంటే తను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషిని, అడిగి ఉండొచ్చు. పదహారేళ్ల పిల్ల చదువు దగ్గర సంబంధాల మాట ఎందుకమ్మా? వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు, తర్వాత ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఉన్నాయి. 40 రాకపోయినా టెన్షన్ పడకండి. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ని కాదనకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి పుస్తకం ముక్కుకి ఆనించుకుని, లైను తప్పిపోకుండా కింద స్కేలు పెట్టుకుని చదివేది. కాలేజీవాళ్లు చేసిందల్లా నోట్సు ఏ3 కాగితం మీద పెద్దగా జిరాక్స్ తీసివ్వడం, మొదటి బెంచీలో కూర్చోబెట్టడం. మొదటి నెల రోజూ ఏడ్చింది, నిజమే. తర్వాత ఫ్రెండ్సే పాఠాలు చదివి ఫోన్లో రికార్డు చేసి పంపేవాళ్లు. మీ పాపకీ అలాంటివాళ్లు దొరుకుతారు, కాకపోతే క్లాసులో ఉంటేనే దొరుకుతారు.

ఈ వారమే వైకల్య నిర్ధారణకి స్లాట్ తీసుకుని, దివ్యాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టండి. ఫారం నింపేటప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంటర్లో ఏ గ్రూపు చదవాలనుందో అడగండి. అంత రాశారు గానీ, తనకేం ఇష్టమో ఎక్కడా రాయలేదు.