నాస్‌లో (నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టెలో) రెండు డిస్కులు మిర్రర్ చేసి, అంటే ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉండేలా పెట్టాక కూడా బయట బ్యాకప్ కావాలా?

కచ్చితంగా కావాలి. మిర్రర్ ఉంటే ఒక డిస్క్ చెడిపోయినా పని ఆగదు, అంతవరకే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండో డిస్క్‌లోనూ అప్పుడే పోతుంది. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్‌లలోకి దూరి, ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేకుండా తెరవలేనట్టు మార్చి) బిట్‌కాయిన్లు అడిగింది. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడితే, బ్యాకప్ కూడా అక్కడే ఉన్న కొందరికి రెండూ పోయాయి.

అందుకే ఒక కాపీ వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. డేటా నాస్ దాటకముందే ఎన్‌క్రిప్ట్ చేయండి. ఆ కీని మాత్రం నాస్‌లోనే దాచకండి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. అది పోతే బ్యాకప్ ఉన్నా తెరవలేరు. పాత వెర్షన్లను కొన్ని వారాలు ఎవరూ చెరపలేకుండా లాక్ చేసే సదుపాయం ఉంటే తప్పక ఆన్ చేయండి, రాన్సమ్‌వేర్ నుంచి కాపాడేది ముఖ్యంగా అదే.

2 టీబీని 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో పంపడానికి 9 రోజులు దాటుతుంది. టెన్షన్ పడకండి, ఆ తర్వాత మారినవే వెళ్తాయి. నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ను వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి.