బీహార్‌లోని రక్సౌల్‌లో ఒక డీజిల్ రేటు, బోర్డర్ దాటి నేపాల్‌లోని బీర్‌గంజ్‌లో ఇంకోటి ఎందుకు?

తేడా పన్నుల్లో ఉంది, సరుకులో కాదు. నేపాల్‌కి వెళ్లేది కూడా మన ఇండియన్ ఆయిల్ కంపెనీ డీజిలే, 2019 నుంచి బీహార్ మోతిహారి–నేపాల్ అమ్లేఖ్‌గంజ్ పైప్‌లైన్‌లో కూడా పోతోంది.

1. ముందు లెక్క సరిచూడండి, చాలామంది తప్పేది ఇక్కడే. బీర్‌గంజ్ బంకు బోర్డు మీద ఉండేది నేపాలీ రూపాయలు. మన 1 రూపాయి వాళ్ల 1.60కి సమానం, 1993 నుంచి అదే ఫిక్స్‌డ్ రేటు. అంటే బోర్డు మీద 160 ఉంటే మన డబ్బుల్లో 100 అన్నమాట, 1.6తో భాగించకుండా పోలిస్తే నేపాల్‌లోనే ఎక్కువేమో అనిపిస్తుంది.

2. ఎక్స్‌పోర్ట్ అయ్యే డీజిల్ మీద మన సెంట్రల్ ఎక్సైజ్, బీహార్ వ్యాట్ పడవు. నేపాల్ తన కస్టమ్స్, వ్యాట్ వేసుకుంటుంది.

3. ఒకే తేదీ రేట్లు పోల్చండి. అక్కడ రేటు పెట్టేది ప్రభుత్వ సంస్థ నేపాల్ ఆయిల్ కార్పొరేషన్, వాళ్లు మార్చే రోజూ మన బంకుల్లో మారే రోజూ ఒకటి కాదు.

ఇక మన ఆంధ్రా లారీలు కర్ణాటక బోర్డర్ దాటాక ట్యాంక్ నింపుకునేది కూడా ఈ పన్ను తేడా వల్లే, కాకపోతే అక్కడ సెంట్రల్ ఎక్సైజ్ అదే, మారేది రాష్ట్రం వేసే పన్ను.

నేపాల్ నుంచి డీజిల్ డబ్బాల్లో మాత్రం తేవద్దండీ, ప్రమాదం, పైగా స్మగ్లింగ్ కేసవుతుంది.